ఉంది అని రాయకు బిడ్డా

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడవలేదు గానీ అంత పనీ చేశావు. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ హైస్కూల్లో గోడంత టచ్ ప్యానెల్ ఉంది, రంగులేసిన గోడలున్నాయి, చేతులు కడుక్కోవడానికి వరసగా కుళాయిలున్నాయి. నీ ప్రైమరీ బడిలో ఇరవై రెండు మంది పిల్లలు, ఒక గది, ఒక వరండా, వానొస్తే బోర్డు మీదికి కారే నీళ్లు, తాళంచెవి దొరకని ఒక పాత బీరువా. "రెండూ సర్కారు బళ్లే కదా పెద్దమ్మా, ఇంత తేడా ఎందుకు?" అన్నావు. ఆ టైములో మీ పెద్దబాపు పక్కనే టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చున్నాడు, నాకు సగం వినపడలేదు, సగానికి జవాబు తట్టలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగవుతుంది, ఒక్కసారే చదవాలని లేదు.

ముందు ఒక మాట. నీ జీతం తీసి ఆ బడిలో పెట్టడం ఆపెయ్. చాక్‌పీసులు కొన్నా, చార్టులు కొన్నా, వచ్చే నెల ఒక ఫ్యాను కొందామనుకుంటున్నా అని ఎంత సంబరంగా చెప్పావో! 2024 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్న కొత్త టీచరమ్మవి, ఆ ఉత్సాహం నాకు తెలియనిది కాదు. నేనూ అదే చేశాను, ఒక ఏడాది రెండేళ్లు కాదు, పదకొండేళ్లు చేశాను. ఊళ్లో అందరూ మా టీచరమ్మ దేవత అన్నారు. ఆ దేవతే బడికి చేసిన నష్టం చెప్తా విను.

సర్వశిక్షా అభియాన్ నడుస్తున్న రోజులు. నాదీ నీలాంటి బడే. ఎండాకాలం ఒంటిపూట బడి పెట్టినా పదింటికల్లా రేకుల కింద పిల్లలు ఉడికిపోయేవాళ్లు, చూడలేక నా డబ్బుతో రెండు ఫ్యాన్లు బిగించాను. గోడకు నెర్రె పడితే మేస్త్రీకి మూడు రోజుల కూలి ఇచ్చి సిమెంటు పూయించాను. సంక్రాంతి ముందు తల్లిదండ్రులంతా కలిసి సున్నం వేశారు. బడి చూస్తే ముచ్చటేసేది. సరిగ్గా అప్పుడే, బడి వివరాలన్నీ సర్కారుకు చెప్పే, ఏటా నింపే డైస్ ఫారం వచ్చింది. తరగతి గది స్థితి అనే చోట మూడు గడులు ఉంటాయి చూడు: బాగుంది, చిన్న మరమ్మతు కావాలి, పెద్ద మరమ్మతు కావాలి. నేను సున్నం వాసన ఇంకా ఆరని ఆ గదిలో కూర్చుని "బాగుంది" అని టిక్కు పెట్టాను. గర్వంగా పెట్టాను. పక్క ఊరి సారు, మనిషి బద్ధకస్తుడు, సొంత డబ్బు ఒక్క రూపాయి పెట్టే రకం కాదు, తన బడి ఎట్లా ఉందో అట్లాగే "పెద్ద మరమ్మతు" అని పెట్టాడు. రెండేళ్లు తిరగకుండా వాళ్లకు అదనపు తరగతి గది మంజూరైంది, స్లాబుతో. మాకేమో రాలేదు. నేను మండలాఫీసుకు పోయి అడిగితే అక్కడి గుమస్తా కంప్యూటర్ తిప్పి చూపించాడు. "మీరే బాగుందని రాశారు కదా మేడమ్." నా దగ్గర మాట లేదు. నెర్రె సున్నం కిందే ఉంది, వానాకాలం రాగానే మళ్లీ బయటపడింది, కానీ కాగితంలో మా గోడ బ్రహ్మాండంగా ఉంది.

నువ్వు కొనే ప్రతి వస్తువూ ఒక లోటును దాచేస్తుంది. నీ జేబులోంచి ఫ్యాను వచ్చిన రోజు నుంచి ఆ బడికి ఫ్యాను లేదన్న సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నీకు బదిలీ అవుతుంది. నీ తరువాత వచ్చే మనిషికి ముగ్గురు పిల్లలు, ఇంటి లోను, వాళ్లు పెట్టలేరు. అప్పుడు బడి ఒక్కసారిగా పాడైనట్టు కనపడుతుంది. పాడవడం కాదు అది, ముందు నుంచీ ఉన్నదే.

మరీ రాయిలా ఉండమని చెప్పడం లేదులే. పిల్లకు జ్వరమొస్తే మాత్ర కొనవా, పెన్సిల్ లేకపోతే ఇవ్వవా? అది వేరు. బడికి ఉండాల్సిన వస్తువు, సర్కారు ఇవ్వాల్సిన వస్తువు నువ్వు కొనకు. ఒకవేళ తప్పక కొన్నావే అనుకో, స్టాక్ రిజిస్టర్లో "టీచర్ సొంత ఖర్చు, ఇంత" అని తారీఖుతో రాయి, కమిటీ తీర్మానం పుస్తకంలో కూడా రాయించు. అప్పుడు కనీసం ఒక గీత మిగులుతుంది.

ఇక తేడా ఎక్కడ నుంచి పుడుతుందో చెప్తా. మనవాళ్లు లంచాలు, రాజకీయాలు అనుకుంటారు. అవీ ఉంటాయి, కాదనను. కానీ సగానికి పైగా తేడా రూల్ బుక్‌లోనే ఉంది, ఎవరూ దొంగతనం చేయక్కర్లేదు. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద, బడి నడపడానికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంట్ సంగతే చూడు. పిల్లల సంఖ్యను బట్టి మెట్లు కట్టారు. 30 మంది దాకా ఉంటే ఏడాదికి 10,000. 31 నుంచి 100 దాకా 25,000. 101 నుంచి 250 దాకా 50,000, ఆపైన 1,000 దాకా 75,000, వెయ్యి దాటితే లక్ష. అందులో కనీసం పది శాతం స్వచ్ఛత పనులకే పెట్టాలి. అంటే నీకు మిగిలేది 9,000. నెలకు 750. దాంతో రిజిస్టర్లు, చాక్‌పీసులు, కరెంటు బల్బు, చీపుర్లు, ఫినాయిల్, ఆగస్టు పదిహేనుకు జెండా తాడు, బోరు మోటారు కాలితే వైండింగ్. మోటారు ఒక్కసారి కాలిందంటే ఆ ఏడాది గ్రాంటు గోవిందా.

ఇక్కడొక చిత్రం. నీ మండలంలోనే 31 మంది ఉన్న బడి ఒకటి ఉందన్నావు కదా, వాళ్లకు నీ కంటే తొమ్మిది మంది ఎక్కువ, డబ్బు మాత్రం రెండున్నర రెట్లు. ముప్పై దగ్గర ఆగిపోయిన బడికి ఆ ముప్పై ఒకటో పిల్ల విలువ అక్షరాలా పదిహేను వేలు. అందుకే కొందరు లేని పేర్లు రాస్తారు. నువ్వు ఆ పని చచ్చినా చేయకు. ఇప్పుడు ఆధార్లు, ఆన్‌లైన్లు వచ్చాక దొరికిపోతావని మాత్రమే కాదు, దొంగ పేరు ఒకటి రాసిన మనిషి రేపు "నా బడికి గది కావాలి" అని పై వాళ్ల కళ్లలోకి చూసి అడగలేదు. కానీ ఊళ్లో నిజంగా ఉన్న పిల్లలు ఎంతమంది, వాళ్లలో వ్యాన్ ఎక్కి పోయేవాళ్లు ఎంతమంది అని ఒక సాయంత్రం వాడకట్టు వాడకట్టూ తిరిగి రాసుకో. యూడైస్‌కు, అదే ఆ పాత డైస్ ఫారం ఇప్పటి రూపం, సెప్టెంబర్ 30 నాటి లెక్కే లెక్క. అక్టోబర్‌లో చేరిన పిల్ల వచ్చే ఏడాది దాకా సర్కారు కంటికి ఆనదు. కాబట్టి ఎవరినైనా చేర్పించేది ఉంటే జూన్‌లోనే కాళ్లరిగేలా తిరగాలి, దసరా సెలవుల తరువాత కాదు.

ఇంకో సంగతి, దీనికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకో. నువ్వు డబ్బు చాలడం లేదంటే ఎవరో ఒక ఆఫీసరు తప్పకుండా అంటాడు: "అమ్మా, తలకాయ లెక్క వేస్తే మీకే ఎక్కువ వస్తోంది." నిజమే. నీ 10,000 ను ఇరవై రెండుతో భాగిస్తే తలకు 450 పైనే. రెండొందల నలభై మంది ఉన్న బడికి 50,000 వస్తే తలకు 208 రూపాయలే. నీ జీతం కూడా కలిపారంటే ఇంకా ఎక్కువ కనపడుతుంది, చిన్న బళ్ల మీద ఖర్చు దండగ అనేవాళ్ల లెక్కంతా అదే. దానికి కోపం తెచ్చుకుంటే పని కాదు, లెక్కకు లెక్కతోనే చెప్పాలి. సార్, నా బడికి బోరు ఒకటే, వాళ్లకూ ఒకటే. గంట ఒకటే. బోర్డు ఒక గదికి ఒకటే, అందులో పదిమంది కూర్చున్నా నలభై మంది కూర్చున్నా. అటెండెన్సు రిజిస్టరు తలకాయలను బట్టి చవకగా రాదు. నా జీతం నా ఇంటికి పోతుంది, తరగతి గదికి పోయేది వేరు ఖాతా, ఆ ఖాతాలో నెలకు 750 ఉంది, ఇదిగో బిల్లులు. ఇట్లా చెప్పు. విద్యా హక్కు చట్టం ప్రకారమైతే అరవై మంది లోపు ఉన్న ప్రైమరీ బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి, నువ్వు ఒక్కదానివే ఐదు తరగతులు లాగుతున్నావు, ఆ మాటా కలుపు. నవ్వుతూనే కలుపు.

ఆ పెద్ద బడి మీద నీకున్న కోపం గురించి కూడా రాయాలి. వాళ్లకు పీఎంశ్రీ వచ్చింది, ఎంపిక చేసిన బళ్లను బాగు చేసే కేంద్రం పథకం. 2022లో మొదలైన ఈ పథకం కింద దేశం మొత్తం మీద 14,500 బళ్లకు పైగా తీసుకుంటామన్నారు, ఐదేళ్లకు 27,360 కోట్లు అన్నారు. ఒక మండలానికి ఎక్కువలో ఎక్కువ రెండు. మరి ఎవరికిస్తారు? దరఖాస్తు పెట్టుకోవాలంటేనే పక్కా బిల్డింగు మంచి స్థితిలో ఉండాలి, ర్యాంపు ఉండాలి, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలి, పిల్లల సంఖ్య రాష్ట్ర సగటు కంటే ఎక్కువ ఉండాలి. అంటే బాగున్న బడిని ఇంకా బాగు చేస్తారన్నమాట. 2022 మార్చిలో మన తెలంగాణలో మొదలుపెట్టిన మన ఊరు మన బడి కూడా అంతే కదా, 26,065 బళ్లు అన్నారు, మొదటి విడతకు పిల్లలు ఎక్కువ ఉన్న 9,123 తీసుకున్నారు. ఎక్కువ మంది పిల్లలకు త్వరగా మేలు జరగాలన్నది వాళ్ల లెక్క, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ ప్రతి పథకమూ అదే వరసలో మొదలైతే, వరస చివర నిలబడ్డ బడి దాకా ఏదీ రాదు. ముందు విడత వాళ్లకు పచ్చ బోర్డులు వచ్చేసరికి చివరి విడత వాళ్లకు పథకం పేరే మారిపోతుంది. నా ముప్పై మూడేళ్ల సర్వీసులో ఎన్ని పేర్లు చూశానో లెక్కే లేదు.

అన్నట్టు పేర్లంటే గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు నడుస్తుండేది, 1987లో మొదలైన పథకం. ప్రతి ప్రైమరీ బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒక పెట్టెడు సామాను అని. మా బడికి పెట్టె వచ్చింది. సైన్సు కిట్టు, గ్లోబు, పటాలు, చిన్న పనిముట్ల కిట్టు, ఒక డోలక్ కూడా. మా హెడ్మాస్టరు వాటిని అట్లాగే బీరువాలో పెట్టి తాళం వేశాడు. పోతే, పగిలితే రికవరీ పెడతారని భయం. పిల్లలు ఆ గ్లోబును కిటికీ ఊచల సందులోంచి చూసేవాళ్లు. ఆయన రిటైరయ్యాక బీరువా తెరిస్తే డోలక్ తోలు ఎలుకలు తినేశాయి. స్టాక్ రిజిస్టర్లో మాత్రం "డోలక్ 1, మంచి స్థితి". డబ్బు లేని బడి ఒక రకం పేదది, ఉన్నది వాడని బడి ఇంకో రకం. నీకు లైబ్రరీ గ్రాంటు కింద 5,000, ఆటల సామాను కింద 5,000 ఎప్పుడు వచ్చినా సరే, పుస్తకాలు పిల్లల ఇళ్లకు పోనివ్వు. చిరగనీ. చిరిగితే చిరిగిందని రాయి. పదేళ్లయినా నలగని పుస్తకాన్ని చూస్తే నాకు అదోలా ఉంటుంది.

సరే, అసలు చేయాల్సిన పని. నీ బడికి స్కూల్ డెవలప్‌మెంట్ ప్లాన్ అని ఒకటి ఉండాలి. బీరువా తాళం దొరికితే అందులో ఉంటుందేమో, నాకైతే అనుమానమే. చాలా బళ్లలో పక్క బడి ప్లాన్ జిరాక్సు తీసి బడి పేరు మాత్రం మార్చి ఇస్తారు. విద్యా హక్కు చట్టం 22వ సెక్షన్ ఒకసారి తీసి చదువు, పెద్దదేమీ కాదు, రెండే ముక్కలు. మొదటిది, బడి కమిటీ ఈ ప్లాన్ తయారుచేయాలని. రెండోది అసలుది: ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ ఇచ్చే నిధులకు ఈ ప్లానే ఆధారం కావాలని. చట్టంలో అంత స్పష్టంగా ఉంది. మనం దాన్ని జిరాక్సు కాగితం చేసి పెట్టుకున్నాం.

కాబట్టి నువ్వు రాయి. కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వాళ్లను పిలిచినప్పుడు సంతకాలకు పిలవకు, గది చూపించడానికి పిలువు. పొద్దున కాదు, వాన పడుతున్నప్పుడు పిలువు. బోర్డు మీద నీళ్లు ఎక్కడ కారుతున్నాయో వాళ్ల కళ్లతో చూడనీ. ఒక్కొక్క లోటునూ విడివిడిగా రాయండి: ఏమిటి, ఎప్పటి నుంచి, దాని వల్ల పిల్లలకు ఏమవుతోంది, ఎంతవుతుంది. "బడి శిథిలావస్థలో ఉంది, తగిన చర్యలు తీసుకోగలరు" అని రాస్తే ఎవరూ చదవరు, ఆ వాక్యం మండలాఫీసు ఫైళ్లలో వేలల్లో ఉంటుంది. "తూర్పు గోడ పక్క స్లాబు కారుతోంది, జూలై, ఆగస్టుల్లో ఇన్ని రోజులు మూడు, నాలుగు, ఐదు తరగతులను వరండాలో కూర్చోబెట్టాం, మేస్త్రీ అంచనా ఇంత" అని రాస్తే, చదివినవాడికి గది కళ్లకు కడుతుంది. దీనికి నువ్వు ఈ రోజు నుంచే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టు. వాన పడి పాఠం ఆగిన రోజు, నీళ్లు రాని రోజు, కరెంటు లేని రోజు, తారీఖు వేసి ఒక్క ముక్క. డిసెంబర్ కల్లా ప్లాన్ పూర్తి చేయి, ఆ తరువాత బడ్జెట్ల హడావిడిలో దాన్ని ఎవరూ చూడరు. రెండు కాపీలు తీసుకుపో, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తారీఖు వేయించుకో. ముద్ర వేయమంటే మొహం చిట్లిస్తారు. వేయించుకో.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఈ ఆఫీసులు అడిగినా పెట్టవు, కానీ అడిగినట్టు కాగితం ఉంటే మూడోసారో నాలుగోసారో పెడతాయి.

డబ్బు వచ్చాక కూడా ఒక గండం ఉంది. ఇప్పుడంతా పీఎఫ్ఎంఎస్, సర్కారు డబ్బు ఆన్‌లైన్లో చెల్లించే పద్ధతి. నీ ఖాతాలో డబ్బు ఉండదు, ఇంతదాకా ఖర్చు పెట్టొచ్చు అనే లిమిట్ ఉంటుంది. మార్చి 31 దాటిందంటే వాడని లిమిట్ వెనక్కి పోతుంది. సమగ్ర శిక్షా డబ్బులో కేంద్రం 60, రాష్ట్రం 40, ఆ రెండూ కలిసి విడతలుగా దిగేసరికి ఏడాది చివరికొస్తుంది. నాకు ఒక ఏడాది మార్చి మూడో వారంలో వచ్చింది. అప్పుడు పరిగెత్తి కొటేషన్లు, బిల్లులు, షాపు వాడి అకౌంటు నంబరు, అందులో ఒక అంకె తప్పు, పీపీఏ కాగితం, అంటే డబ్బు చెల్లించమని బ్యాంకుకు ఇచ్చే ప్రింటు, తీసుకుని పోతే ఇయర్ ఎండింగ్ అన్నారు. ఆ ఏడాది రెండో విడత అట్లాగే పోయింది. పెద్ద బళ్లలో కంప్యూటర్ తెలిసిన సారు ఒకరు ఉంటాడు, ఆఫీసు పని చూసే మనిషి ఉంటాడు. నీ బడిలో నువ్వే హెడ్మాస్టరువు, నువ్వే గుమస్తావు, నువ్వే గంట కొట్టేదానివి. ఇదీ తేడాయే, కానీ ఏ గ్రాంటు లెక్కలోనూ రాదు. అందుకని జనవరికల్లా ఏం కొనాలో కమిటీ తీర్మానం, షాపు వివరాలు, కొటేషన్లు అన్నీ ఒక కవర్లో సిద్ధంగా పెట్టుకో. లిమిట్ పడిన రోజే పని మొదలవ్వాలి. యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే సర్టిఫికెట్, ఆలస్యం చేయకు, యూసీ ఇవ్వని బడికి తరువాతి విడత ఆపడానికి వాళ్లకు సాకు దొరుకుతుంది.

దాతల గురించి అడిగావు. ఊళ్లో పుట్టి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు సాయం చేస్తారు, తప్పకుండా అడుగు. కేంద్రం విద్యాంజలి పోర్టల్ కూడా ఉంది, 2021లో కొత్తగా పెట్టారు, ఏం కావాలో అందులో పెట్టొచ్చు. కానీ దాతల్లో ఒక గుణం ఉంటుంది, తప్పు పట్టడం కాదు గానీ చూస్తూనే ఉన్నాను: వాళ్లకు పేరు రాయడానికి వీలయ్యే వస్తువు కావాలి. ఫ్యాను రెక్కల మీద పేరు, బెంచీ వీపు మీద పేరు, గేటు మీద పేరు. ఫ్యాను తిరిగితే ఆ పేరు కనపడదు కాబట్టి తిప్పకండి అన్న పెద్దమనిషిని కూడా చూశాను, నవ్వకు, నిజం. మోటారు వైండింగ్‌కు, కరెంటు బిల్లుకు, ఫినాయిల్‌కు ఏ దాతా దొరకడు. అందుకే ఎవరైనా కంప్యూటర్ ఇస్తామంటే సంతోషం అని చెప్పి, దాంతో పాటు మూడేళ్ల రిపేరు ఖర్చు కూడా ఇస్తారా అని అడుగు. మొహమాటపడకు. రోడ్డు పక్క బడికి దాతలు వాళ్లంతట వాళ్లే వస్తారు, ఫొటో బాగా వస్తుంది కదా. నీ బడికి మట్టి బాట. నువ్వే పిలవాలి.

మీ మంచిర్యాల వైపు ఇంకో దారి ఉంది. గనుల చుట్టుపక్కల ఊళ్లకు జిల్లా ఖనిజ నిధి ఉంటుంది, కలెక్టరు చేతిలో ఉంటుంది, చదువు, తాగునీరు అందులో ముందు వరస పనులు. మీ ఊరు ఆ ప్రభావిత గ్రామాల పట్టీలో ఉందో లేదో కనుక్కో. ఉంటే నీ ప్లాన్ కాపీ ఒకటి అక్కడికీ పోవాలి. లేకపోతే గని ఉన్న మండలంలో డైనింగ్ హాలు లేస్తుంటే, పక్క మండలంలో పిల్లలు చెట్టు కింద తింటుంటారు, ఇదీ చూశాను. మరుగుదొడ్డి, నీళ్ల సంగతి మాత్రం పంచాయతీలో పట్టుకో. కేంద్రం నుంచి పంచాయతీలకు వచ్చిన 15వ ఆర్థిక సంఘం డబ్బులో పారిశుధ్యానికి, తాగునీటికి విడిగా కట్టిపెట్టిన వాటా ఉండేది, బడి కుళాయి కూడా ఊరి కుళాయే అని గ్రామసభలో తల్లులతో చెప్పించు. నువ్వు చెప్తే టీచరమ్మ గొడవ అంటారు. పది మంది తల్లులు నిలబడితే అది ఊరి మాట. బడి పనులు చూడటానికి మన రాష్ట్రంలో పెట్టిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మహిళా సంఘం అధ్యక్షురాలు ఉంటుంది కదా, ఆమెతో స్నేహం చేసుకో, ఆమెకు మండలంలో నీకంటే ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి.

చివరగా ఆ పెద్ద బడి. వాళ్లతో ముభావంగా ఉండకు. ఆ హెడ్మాస్టరుకు నిధులు వచ్చాయంటే ఆయనేమీ నీ దగ్గర లాక్కోలేదు. ఒకసారి పోయి, మా నాలుగు, ఐదు తరగతుల పిల్లలను నెలకోసారి మీ ల్యాబ్‌కు, లైబ్రరీకి తీసుకురావచ్చా సార్ అని అడుగు. మీ పిల్లలు రేపు ఆరో తరగతికి పోయేది ఆ బడికే, ఆయనకూ లాభమే. నేను అట్లా తీసుకుపోయాను ఒకసారి, ఆటోలో పద్నాలుగు మందిని కుక్కి. అక్కడ ల్యాబ్‌లో మైక్రోస్కోపు ఉంది. మా ఐదో తరగతి పిల్ల ఒకతె ఉల్లిపొర చూసి కన్ను తీయదు, వెనక లైను కదలదు. ల్యాబ్ సారు మంచివాడు, ఊరుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ పిల్లే అడిగింది, "టీచర్, మన బడి ఎందుకు ఇట్లుంది?"

ఈ ప్రశ్న నీకూ వస్తుంది. మనం పేదోళ్లం కదా అని అనకు. పిల్లలు పేదోళ్లయినా బడి సర్కారుది, సర్కారు పేదది కాదు. నేను ఆ రోజు ఏదో చెప్పి దాటేశాను, ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇప్పుడైతే ఇట్లా చెప్పేదాన్ని: "మనకు రావాల్సింది ఇంకా రాలేదు, అడుగుతున్నాం. ఏమేం అడగాలో నువ్వు కూడా చెప్పు." చెప్తారు చూడు. మనకు తట్టనివి చెప్తారు. మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదని నాకు ఒక రెండో తరగతి పిల్ల చెప్పేదాకా తెలియదు. ముప్పై రూపాయల గడియ. అది లేక ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా ఉగ్గబట్టుకుని కూర్చునేవాళ్లు. దాన్ని మాత్రం నేనే కొన్నాను, రాసి మరీ కొన్నాను.

ఈ సెప్టెంబర్‌లో యూడైస్ నింపే ముందు ఫారం ఫొటో తీసి నాకు పంపు. కళ్లద్దాలు మార్చుకున్నాను, చిన్న అక్షరాలు కూడా కనపడుతున్నాయి. గది స్థితి దగ్గర ఏం పెట్టావో ముందు అదే చూస్తాను.

ఆ బీరువా సంగతి. పాత సారుకు ఫోన్ చేసి తాళంచెవి అడుగు, ఇవ్వకపోతే వాట్సాప్‌లో అడిగినట్టు ఒక మెసేజ్ పెట్టి ఉంచుకో. తరువాత కమిటీ తీర్మానం రాసి, ఇద్దరు తల్లిదండ్రుల ముందు పగలగొట్టించు, లోపల ఏమున్నాయో అక్కడికక్కడే పట్టీ రాసి వాళ్ల సంతకాలు తీసుకో. డోలక్ లాంటిది ఏమైనా ఉంటే ముందు ఎలుకలు కొట్టాయేమో చూడు.

మీ పెద్దమ్మ
కరీంనగర్